తుమ్మి నీలంగా పూసింది

విత్తన పరీక్ష కేంద్రం, నా బల్ల దగ్గర
జూన్ 3

బావగారికి,

ఇది క్షేమ సమాచారాల ఉత్తరం కాదు. నా ఫోను నీళ్ల బకెట్లో పడి మూగబోయింది. కొత్తది కొనేదాకా ఇక ఉత్తరాలే. కొనడానికి నాకేమీ తొందర లేదు. ఫోన్లో మీరు ఊ, ఆ తప్ప ఇంకో మాట మాట్లాడరు. కాగితం మీదైనా నాలుగు ముక్కలు రాలతాయేమో చూద్దాం.

అక్కని చేసుకున్న ఇరవై ఆరేళ్లలో నా ఉద్యోగం ఏమిటని మీరు ఒక్కసారీ అడగలేదు. నేనే చెప్తాను. అమ్మకానికి వెళ్లే విత్తనాల బస్తాల్లోంచి గుప్పెడు తెచ్చి నా ముందు పోస్తారు. అందులో మంచి గింజ ఎంత, పొట్టు ఎంత, కలుపు గింజ ఎంత అని ఏరి రాసివ్వాలి. ఏరిన కలుపు గింజల్ని పారేయమంటారు. నేను పారేయను. పొట్లాలు కట్టి దాచుకుంటాను. ఆఫీసు వాటిని కలుపు అంటుంది కానీ అవి ఈ నేల సొంత పూలు. మనం ఇళ్లు కట్టక ముందు నుంచీ ఇక్కడే ఉన్నాయి. ఎవరూ నీళ్లు పోయకపోయినా పూస్తాయి. రోడ్డు పక్కన మీరు రోజూ తొక్కుకుంటూ పోయేవి అవే.

మీ గడియారాల షాపు గది ముందు మంచమంత నేల ఖాళీగా పడి ఉందని అక్క చెప్పింది. దానికోసం ఒక పొట్లం పంపుతున్నాను. మూడు నాలుగు రకాలు కలిసిపోయాయి. పైమట్టి కాస్త గీరండి. ఎరువు వేయొద్దు, వేస్తే ఆకులు బలిసి పూలు మానేస్తాయి. గింజల్ని గుప్పెడు ఇసుకతో కలిపి చల్లి, చెక్కతో అదమండి. పైన మట్టి కప్పొద్దు. వాటికి వెలుతురు కావాలి. మొలకలు వచ్చేదాకా నీళ్లు చిలకరించడమే, పోయడం లేదు.

చల్లే ముందు ఒక పని చేసిపెట్టండి. ఏ గింజ ఏ రంగులో, ఏ ఆకారంలో ఉందో చూసి రాయండి. చీటీ పెట్టడం మర్చిపోయాను.

మీ మాట్లాడే మరదలు

*

షాపు గది, కిటికీ పక్క బల్ల
జూన్ 14

మరదలు పిల్లకి,

పొట్లం అందింది. విప్పితే దుమ్ము. మరదలివై ఉండి బావకి దుమ్ము పంపుతావా అని ముందు కోపం వచ్చింది. నాకూ దుమ్ముకీ పడదని నీకు తెలుసు. ఎంత గొప్ప గడియారమైనా లోపల చిటికెడు దుమ్ము పడితే ఆగిపోతుంది.

అందుకని పద్ధతి ప్రకారం చేశాను. పొట్లాన్ని తెల్ల పళ్లెంలో బోర్లించి, కాస్త ఆకారం ఉన్నవాటిని పట్టకారుతో ఏరాను. నూట నలభై రెండు తేలాయి. గడియారం ముక్కల్ని కడిగినట్టే వాటిని పెట్రోలు గిన్నెలో రెండుసార్లు జాడించి, బల్లదీపం కింద ఆరబెట్టాను. అడుగున మిగిలిన నల్లటి నలుసుల్ని రబ్బరు బుడ్డితో కిటికీలోంచి ఊదేశాను. నీ ఆఫీసులో ఇంత శుభ్రంగా ఎవరైనా చేస్తారా? దారం కట్టి, అంగుళానికి ఒకటి చొప్పున వరసలుగా నాటాను. చల్లడం నాకు చేతకాదు. చల్లితే ఏది ఎక్కడ పడిందో ఎలా తెలుస్తుంది?

గింజలు ఎలా ఉన్నాయని అడిగావు. గింజల్లా ఉన్నాయి.

పని బాగానే ఉంది, కానీ కంపెనీలు పాడైపోయాయి. బల్బు మీద వంద అని రాసి నలభై వెలుతురు ఇస్తున్నారు. ఈ ఏడాది మూడు మార్చాను, మూడూ మోసమే. గడియారాల మరలు కూడా ఏడాదికేడాది చిన్నవి చేస్తున్నారు. అంత పిసినారితనం దేనికో నాకు అర్థం కాదు.

మీ అక్క స్కూలు నుంచి వచ్చి, గేటు దగ్గర నిలబడి నా వరసలన్నీ చూసి లోపలికెళ్లిపోయింది. పిల్లలకి ఇరవై ఏళ్లుగా లెక్కలు చెబుతున్న మనిషి ఏమీ అనకుండా వెళ్లిందంటే ఎక్కడో తప్పు దొరికిందన్నమాట. అదేమిటో నువ్వైనా కనుక్కో.

పద్ధతి గల బావ

*

ఇంటి నుంచి
జూన్ 19

అక్కా,

ఫోను చేస్తే బావ చెవిలో పడుతుందని ఈ ఉత్తరం నీ స్కూలు అడ్రసుకే రాస్తున్నాను. టీచర్ల గదిలోనే చదివి చింపెయ్యి.

బావ కళ్ల గురించి నీ అనుమానం నిజమే. బావ గింజల్ని ఊదేసి పొట్టు నాటారు. ఆ నూట నలభై రెండూ ఎండిన పూల తొడిమలు, పుల్ల ముక్కలు. పైగా వాటికి పెట్రోలు స్నానం. చదివి నవ్వాను, నవ్వాక దిగులేసింది. ఆవగింజలో అరవయ్యో వంతు తేడా పట్టుకునే మనిషి కదే. రాత చూశావా? గీత మీద మొదలైన వాక్యం చివరికొచ్చేసరికి కింది గీతలోకి దిగిపోతోంది. నా ఫోను నిక్షేపంలా ఉందని ఆయనకి చెప్పకు. ఆ రాత చూడటానికే ఉత్తరాలు పెట్టాను.

కిందటేడు నువ్వు కళ్ల డాక్టరు మాట ఎత్తినందుకు ఆయన మూడు రోజులు నీతో మాట్లాడలేదన్నావు. కాబట్టి నువ్వు అడగొద్దు. కంట్లో శుక్లమే అయితే ఇప్పుడు చూపిస్తే తేలిగ్గా పోతుంది. ఇంకా ముదరనిస్తే ఆ చేతులు పని లేక ఊరుకుంటాయి. పని లేకపోతే బావ ఎలా అయిపోతారో నీకు నేను చెప్పాలా? ఆయన నోటితోనే ఒప్పించాలి. నాకొక ఉపాయం తట్టింది.

ఈసారి ఒక్క తుమ్మి గింజలే పంపుతున్నాను, తెల్లగా పూసేవి. ఆయనకి మాత్రం నీలం పూలని రాస్తాను. నువ్వు ఆ మొక్కల దగ్గరికి వెళ్లకు, వాటి మాటే ఎత్తకు.

నీ చెల్లెలు

*

ఇంటి నుంచి
జూన్ 19

బావగారికి,

ఈ ఉత్తరం చదివేముందు కాసిని మంచినీళ్లు తాగండి. మీరు కిటికీలోంచి ఊదేసిన నల్లటి నలుసులున్నాయే, అవే గింజలు. దారం కట్టి నాటినది పొట్టు. పెట్రోలుతో కడిగిన పొట్టు. మా ఆఫీసులో ఈ ముక్క చదివి వినిపిస్తే మా పెద్దసారు కుర్చీలోంచి లేచి, మీ బావగారిని ఒకసారి చూడాలమ్మా అన్నారు.

ఇంకో పొట్లం పంపుతున్నాను. ఈసారి పొట్టు లేకుండా ఏరాను, ఇసుక కూడా నేనే కలిపాను. కడగొద్దు, ఆరబెట్టొద్దు, పట్టకారు సొరుగులో పెట్టి తాళం వేయండి. పొట్లం విప్పి, కళ్లు మూసుకుని చల్లినా చాలు. ఇవి నీలం పూలు పూస్తాయి. మంచి ముదురు నీలం. పూయగానే నాకు రాయాలి.

మరలు ఏడాదికేడాది చిన్నవవుతున్నాయా? మా ఆఫీసులో గింజలు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి.

మీ కలుపు మరదలు

*

షాపు గది
జులై 20

మరదలు పిల్లకి,

నీ పెద్దసారుకి నా ఉత్తరాలు చదివి వినిపించే పని మానుకో.

మొలిచాయి. చల్లిన ఎనిమిదో రోజుకి నేలంతా పచ్చగా కనిపించింది. ఉన్నమాట చెప్పాలంటే నాకు సంతోషమేసింది. పొద్దున షాపు తలుపు తీసి ముందు అటే చూస్తున్నాను. చూస్తే ఒక పచ్చటి గుడ్డ పరిచినట్టుంటుంది. అందులో ఏది నీ మొక్క, ఏది గడ్డి అని నన్ను అడగొద్దు. గడ్డి అనుకుని ఒక మూల పీకడం మొదలుపెడితే మీ అక్క కిటికీలోంచి, చారు మాడిపోతోంది రండి అని కేకేసింది. లోపలికి వెళ్తే పొయ్యే వెలిగించలేదు. వయసు మీద పడుతోంది పాపం, మతిమరుపు.

ఇంకో గొడవ వినాలి. పక్కింటి రిటైర్డు స్టేషన్ మాస్టరు తన గులాబీ కుండీలు ఒక్కొక్కటీ ఎత్తుకొచ్చి మా గోడ మీద పెట్టారు. ప్రతి కుండీలోనూ గులాబీ చుట్టూ బుజ్జి మొక్కలు కిక్కిరిసి ఉన్నాయట. పదకొండేళ్లలో ఆయన కుండీలో ఒక్క గడ్డిపోచ మొలవలేదట. మీ కిటికీ వైపు నుంచే వచ్చిందండీ ఈ దరిద్రం అన్నారు. నాకేం తెలుసండీ, గాలి ఎటు వీస్తే అటు అని తప్పించుకున్నాను. నా రబ్బరు బుడ్డి అంత దూరం కొడుతుందని నాకూ తెలీదు.

పని కాస్త తగ్గించుకున్నాను. మా వీధిలో ఉండే నర్సమ్మ తన చేతి గడియారం తెచ్చింది, ముప్ఫై ఏళ్ల నాటిది. స్ప్రింగు మార్చాలి. ఆ స్ప్రింగు ఇప్పుడు ఎక్కడా దొరకడం లేదని తిరిగిచ్చేశాను. కంపెనీలు ఆపేస్తే నేనేం చేస్తాను.

గోడ దగ్గర తిట్లు తింటున్న బావ

*

విత్తన పరీక్ష కేంద్రం
ఆగస్టు 12

బావగారికి,

స్టేషన్ మాస్టరుగారికి నా తరఫున దండం పెట్టండి. మొదటి పొట్లం గింజలు మంచివేనని ఆయన కుండీలు తేల్చాయి. పీకొద్దని చెప్పండి. పీకితే మళ్లీ ఊదుతానని బెదిరించండి.

నర్సమ్మగారి గడియారం సంగతి చదివి ఆశ్చర్యపోయాను. దొరకని స్ప్రింగుని ఇంకో స్ప్రింగు కోసి, వంచి, సాగదీసి చేసి పెట్టే మనిషి కదా మీరు. మా అమ్మ గోడగడియారానికి అలాగే చేశారు. అప్పుడు నేను మీ పక్కనే కూర్చుని చూశాను. నాకు పదిహేనేళ్లు. మీ పెళ్లయి ఏడాదైనా కాలేదు, అత్తారింటికొచ్చిన అల్లుడు కాఫీ చల్లారిపోతున్నా చూసుకోకుండా చొక్కా చేతులు మడుచుకుని కూర్చున్నాడు. అక్కకి మంచి మొగుడు దొరికాడని ఆ రోజే అనుకున్నాను.

మొక్కలు ఇప్పటికి మోకాలెత్తు వచ్చి ఉండాలి. పూత రాగానే రాయండి. రంగు, రేకులు ఎన్ని, పువ్వు నిటారుగా ఉందా, వంగి ఉందా, అన్నీ. ఆఫీసు పుస్తకంలో రాసుకోవాలి. అక్కని అడిగి రాయొద్దు. అక్కకి లెక్కలు తెలుసు కానీ పువ్వులు తెలీవు.

ఎదురుచూసే మరదలు

*

షాపు గది
సెప్టెంబరు 9

మరదలు పిల్లకి,

పూసింది.

ఎలా ఉందంటే, నువ్వు చెప్పినట్టే. మంచి ముదురు నీలం. వాన వెలిశాక ఆకాశం ఉంటుంది చూడు, అచ్చం ఆ రంగు. పొద్దున చూస్తే ఒకలాగా, సాయంత్రం చూస్తే ఇంకోలాగా. రేకులు అయిదు. కొన్నింటికి ఆరు. పువ్వు నిటారుగానే ఉంది, గాలేస్తే వంగుతుంది. నీ ఆఫీసు పుస్తకంలో ధైర్యంగా రాసుకో.

ఇన్నాళ్లూ ఈ పూల మీద నడిచి వెళ్లానని బాధేసింది. పొద్దున కుర్చీ వేసుకుని వాటి పక్కన కూర్చుంటున్నాను. తేనెటీగల మోత వినిపిస్తుంది. నిన్న స్టేషన్ మాస్టరు కూడా గోడ మీద మోచేతులు పెట్టుకుని చాలాసేపు చూశారు. ఎంత నీలమో చూడండి అన్నాను. ఆయన నా వంక అదోలా చూసి, ఎండ ఎక్కువగా ఉంది, లోపలికెళ్లి పడుకోండి అన్నారు. ఆ మనిషికి అసూయ.

పూల ఆసామి

*

ఇంటి నుంచి
సెప్టెంబరు 14

బావా,

ఎప్పుడూ బావగారూ అనే రాస్తాను. ఈసారి బావా అనే రాయాలనిపించింది.

అవి తెల్లపూలు. మీ ఇంటి ముందు పూసింది తుమ్మి. తుమ్మి ఎక్కడైనా తెల్లగానే పూస్తుంది, నీలంగా పూసిన తుమ్మిని చూసిన మనిషి ఈ లోకంలో మీరొక్కరే. నీలం అని నేను అబద్ధం రాశాను. ఫోను బకెట్లో పడిందన్నదీ అబద్ధమే, ఇప్పుడది నా పక్కనే మోగుతోంది. మిమ్మల్ని పట్టుకోవడానికే ఇదంతా చేశాను. అక్కకి అంతా తెలుసు. ఆ రోజు చారు మాడలేదు. మీరు పీకుతున్నది మొక్కల్ని, అందుకని కేకేసింది.

మీకు కళ్లు సరిగ్గా కనిపించడం లేదు. బల్బులు బాగానే ఉన్నాయి. మరలు ఎప్పటంత ఉన్నాయి. అది మీకూ తెలుసు, చాలా రోజులుగా తెలుసు.

కోపం వస్తే తిట్టండి, పడతాను. కానీ డాక్టరు దగ్గరికి వెళ్లండి.

మరదలు

*

షాపు గది
సెప్టెంబరు 17

మరదలికి,

ఇద్దరూ కలిసి ఆడుకున్నారు. బాగుంది. ఒకళ్లు ఇంట్లో, ఒకళ్లు పోస్టులో. నాకు ఇంకేమీ రాయాలని లేదు.

*

షాపు గది
సెప్టెంబరు 26

మరదలు పిల్లకి,

తొమ్మిది రోజులు కోపంగా ఉన్నాను. కోపంగా ఉండటం చాలా కష్టం. మీ అక్క రోజూ నా పళ్లెంలో ఏది ఎక్కడుందో చెప్పి మరీ వడ్డిస్తోంది, అది వింటూ కోపంగా ఉండటం ఇంకా కష్టం.

నిజం చెప్తాను. అవి నాకు తెల్లగానే కనిపించాయి. తెలుపో, లేత పసుపో, మసగ్గా. వంగి చూశాను. మళ్లీ చూశాను. కానీ నువ్వు నీలం అని రాశావు. గింజల్ని చూసి పేరు చెప్పే మరదలు తప్పు రాస్తుందా? నా కన్నే తప్పు చెబుతోందనుకున్నాను. అందుకని నీలం అని రాశాను. ఇప్పుడు ఏది కనిపించినా పక్కవాళ్లు అవునన్నదాకా నేను నమ్మడం లేదు. నర్సమ్మ గడియారానికి పట్టే స్ప్రింగు కూడా నా సొరుగులోనే ఉంది. మూడుసార్లు బిగించబోయాను, మూడుసార్లూ జారిపోయింది. మూడోసారి నేల మీద పాకుతూ వెతుక్కున్నాను. ఆ తర్వాతే దొరకడం లేదని చెప్పాను.

నేను డాక్టరు దగ్గరికి వెళ్లాను. మార్చిలోనే, మీ అక్కకి చెప్పకుండా. రెండు కళ్లలోనూ శుక్లాలన్నారు. ఆపరేషను చేస్తే సరిపోతుందన్నారు, పావుగంట పని అన్నారు. పావుగంట పని అని నేనూ ఎంతమందికో చెప్పాను. వేల గడియారాలు తెరిచినవాణ్ణి నేను. ఎంత జాగ్రత్తగా తెరిచినా పదింటిలో ఒకటి మూత పెట్టాక ముందులా నడవదు. ఎందుకో దేవుడికే తెలియాలి. నా కన్ను తెరుస్తానని ఒకరంటే నాకు ఆ పదోది గుర్తొస్తుంది. గడియారమైతే ఇంకోటి కొనుక్కోమని చెప్తాను. నాకు భయంగా ఉంది. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

బావ

*

ఇంటి నుంచి
సెప్టెంబరు 30

బావా,

మీ ఉత్తరం చదివి ఏడ్చాను. మిమ్మల్ని పట్టుకున్నానని గెలిచినట్టు అనుకున్నాను. కానీ మీ కన్ను నిజమే చెప్పింది. తెల్లపువ్వుని తెల్లపువ్వనే చెప్పింది. ఆ కన్ను మీద మీకున్న కాస్త నమ్మకాన్ని నా నీలం మాట తీసేసింది. అది నేను చేసిన తప్పు, క్షమించండి.

పదోది అన్నారు. నేనూ లెక్కల మనిషినే, అక్క అంత కాకపోయినా. ఇక్కడ వంద గింజలు తడి కాగితం మీద పెట్టి ఎన్ని మొలిచాయో లెక్కేస్తాను. నూటికి నూరు ఎప్పుడూ రాలేదు, వచ్చిందని రాస్తే నా ఉద్యోగం పోతుంది. కాబట్టి మీకు ఏమీ కాదని నేను అనను. కానీ పదింటిలో ఒకటి అని మీరే అన్నారు, మిగతా తొమ్మిదీ ఏమయ్యాయి? నడిచాయి కదా. మా అమ్మ గడియారం ఇప్పటికీ మా గోడ మీద కొట్టుకుంటోంది. తెరవద్దని మా నాన్న ఎంత గోల చేశారో మీరు మర్చిపోయినట్టున్నారు. అప్పుడు ఆయనకి మీరు చెప్పిన మాట నాకు గుర్తుంది. తెరిస్తే పాడవుతుందేమోనని భయపడి ఊరుకుంటే, లోపల నూనె ఎండి, ఇరుసులు అరిగి, తెరవకుండానే పోతుంది మామయ్యా అన్నారు.

మార్చిలో వెళ్లినట్టు అక్కకి చెప్పండి. నేను చెప్పను. ఆ ఒక్కటీ మీరే చెప్పాలి.

నేను సెలవు పెట్టి వస్తాను. ఆపరేషను గది బయట బెంచీ మీద కూర్చుంటాను. మధ్యలో లేచి టీకి కూడా వెళ్లను. తారీకు రాయించుకుని నాకు ఒక్క ముక్క రాస్తే చాలు, పెద్ద అక్షరాలతోనే రాయండి.

మీ మరదలు

*

షాపు గది
అక్టోబరు 6

మరదలు పిల్లకి,

మీ అక్కకి చెప్పాను. మార్చిలోనేనా అంది. అవునన్నాను. అప్పటి నుంచి ఆరు నెలలు ఒక్కరే భయపడ్డారా అని అడిగింది. తిడుతుందనుకుని సిద్ధమై కూర్చున్నాను, తిట్టలేదు.

కుడి కన్ను, నవంబరు 4. బెంచీ దగ్గర టీ బాగుండదట, ఇంటి నుంచి ఫ్లాస్కులో పట్టుకెళ్దాం.

బావ

*

షాపు గది
నవంబరు 12

మరదలు పిల్లకి,

నువ్వు బస్సెక్కిన మర్నాడు కట్టు విప్పారు. ఈ గీతలు చూడు, ఒక్క అక్షరం కిందికి జారిందేమో వెతుక్కో. నీ పెద్దసారుకి కూడా చూపించు.

నడిచింది. పదోది నేను కాదు.

మొదట చూసింది డాక్టరమ్మ ముక్కు మీద పుట్టుమచ్చ. తర్వాత మా ఇల్లు. ఇంత మురికి ఇల్లని నాకెవరూ చెప్పలేదు. షాపు బల్ల మీద దుమ్ము చూసి సిగ్గుపడ్డాను, దుమ్ము పడదని నీకు గొప్పలు రాసినవాణ్ణి. బల్లకి ఒక బల్బు చాలు, చాలదని తర్వాత తగిలించిన రెండూ తీసేశాను.

నీ తుమ్మి దగ్గర బోర్లా పడుకుని చూశాను. గేటు ముందు వెళ్లేవాళ్లు పడిపోయాననుకుని ఆగారు. రేకులు లెక్కపెట్టమన్నావు కానీ అందులో రేకుల లెక్క కుదరదు. అది ఒక నోరు. పై పెదవి గొడుగులా వంగి ఉంది, దాని మీద తెల్లటి నూగు. కింది పెదవి చాప పరిచినట్టు కిందికి జారింది. తేనెటీగ దాని మీద వాలగానే పై పెదవి వచ్చి వీపు మీద తడుతుంది. ఇంత చిన్నదానికి ఇంత పనితనమా అని కళ్లార్పకుండా చూశాను. ఎడమ కన్నుతో చూస్తే అది ఇప్పటికీ మురికి పసుపే. కుడి కన్నుతో తెలుపు. ఒకటి మూసి ఒకటి తెరిచి చాలాసేపు ఆడుకున్నాను. స్టేషన్ మాస్టరు వచ్చి, ఇప్పుడు ఏ రంగండీ అన్నారు. తెలుపన్నాను. ఆయనకి ఎంత నిశ్చింత కలిగిందో, రెండు గులాబీలు కోసిచ్చారు.

నర్సమ్మకి కబురు పెట్టాను. స్ప్రింగు దొరికిందని చెప్పాను, ఎక్కడ దొరికిందో చెప్పలేదు.

ఇంకొకటి ఉంది, అది రాయడానికే ఈ ఉత్తరం.

కట్టు విప్పిన రోజు సాయంత్రం మీ అక్క స్కూలు నుంచి వచ్చి, గుమ్మంలో చెప్పులు విడవడానికి వంగింది. పాపిట పొడుగునా తెల్లబడిపోయి ఉంది మరదలా. చెవుల పక్కన కూడా. వెనక ముడి దాకా తెలుపే. కళ్ల కింద సన్నటి గీతలున్నాయి. నేను కుర్చీలోంచి లేచి అలాగే నిలబడిపోయాను. ఏమిటలా చూస్తున్నారు అని అడిగింది.

"నీ జుట్టు ఎప్పుడు నెరిసింది?" అన్నాను.

"నాలుగేళ్లయింది" అంది. చెప్పులు గోడ వారగా సర్దుతూ, "రంగు వేద్దామా అనుకున్నాను. చూసేవాళ్లెవరున్నారులే అని మానేశాను" అంది.

మామూలుగానే అంది, నిష్ఠూరంగా కాదు. అని వంటింట్లోకి వెళ్లి టీకి నీళ్లు పెట్టుకుంది. నాకు ఏడుపొచ్చింది. కంటికి తడి తగలకూడదని డాక్టరమ్మ చెప్పింది కాబట్టి ఆపుకున్నాను. ఇన్నాళ్లూ గడియారాలు చేజారుతున్నాయనే ఏడ్చాను కానీ, ఇది కూడా నేను చూడకుండానే గడిచిపోతోందని నాకు తట్టనే లేదు. వెళ్లి వంటింటి గుమ్మంలో నిలబడి చూశాను. టీ పొంగుతుంది, పక్కకి తప్పుకోండి అంది. తప్పుకోలేదు.

రెండో కన్నుకి జనవరిలో రమ్మన్నారు. నేను ఒక్కణ్ణే వెళ్లి డిసెంబరు 2కి మార్పించుకొచ్చాను. అంత తొందరేమిటండీ అని డాక్టరమ్మ అడిగింది. మా ఆవిణ్ణి చూడటానికి ఒక కన్ను చాలడం లేదని చెప్పాను.

బావ